ద్రవ్యగుణాధ్యయనము - ఆచార్యాన్వేషణము

ఓషధుల పేరు, రూపము, గుణము, కర్మ, ప్రయోగము అను ఐదింటిని క్రమముగా తెలుపు శాస్త్రమునకు ద్రవ్యగుణశాస్త్రమని పేరు. నేటి వైద్యవిద్యలో ఫార్మకాలజీ అని వ్యవహరింపబడుచున్న శాస్త్రమునకు ఆయుర్వేదమున మిక్కిలి దగ్గరగా నుండునది ఇదియే. అయితే ఫార్మకాలజీ ప్రధానముగా మందు శరీరమునందు చేయు క్రియను విచారించును. ద్రవ్యగుణము మొక్కను గుర్తించుటతోనే మొదలగును. ఈ శాస్త్రమును నేర్వగోరు విద్యార్థి ఎవరిని ఆశ్రయింపవలెను? ఆశ్రయించుటకు ముందు ఆ గురువును ఎట్లు పరీక్షింపవలెను? ప్రాచ్యకళాశాలలలో సంస్కృతము బోధించు మనకు ఈ విషయమున గల అధికారమెంత? ఈ మూడు ప్రశ్నలను చరకసుశ్రుతసంహితల ననుసరించి విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రశ్నకు కారణము

నల్లగొండ జిల్లాలోని హాలియా, నాగార్జునసాగరపు ఎడమకాలువ నీటితో వరి పండు గ్రామములకు కూడలి. ఆ ఊరిలో ఆయుర్వేద కళాశాల లేదు. నీట్ పరీక్షలో అర్హత పొంది బి.ఎ.ఎం.ఎస్.లో చేరు విద్యార్థి హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలకో, వరంగల్లులోని అనంతలక్ష్మీ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలకో, మరొక ప్రైవేటు కళాశాలకో పోవలసినదే. 1970 నాటి భారతీయ వైద్య కేంద్రమండలి చట్టము స్థానమున 2020లో వచ్చిన చట్టము ననుసరించి జాతీయ సంఘము ఏర్పడినది. ఆ సంఘము నిర్ణయించిన పాఠ్యక్రమమున మొదటి దశలో సంస్కృతము, ఆయుర్వేదేతిహాసము, సంహితాధ్యయనము కలవు. రెండవ దశలో ద్రవ్యగుణము, రసశాస్త్రభైషజ్యకల్పనలు వచ్చును.

ఇంటర్మీడియెట్‌లో సంస్కృతమును రెండవభాషగా గైకొని నూటికి తొంబదికి మించిన మార్కులు పొందినవారు సైతము ఒక శ్లోకమును పదవిభాగము చేసి చదువలేక తడబడుట నేను పలుమార్లు చూచితిని. అట్టివారు సెలవులకు ఊరు వచ్చినపుడు సంస్కృతము తెలిసినవానిని వెదకికొని వచ్చి, "పంతులుగారూ, ద్రవ్యగుణం చెప్తరా?" అని అడుగుదురు. అడిగినవాని అవసరము నిజమైనది. "చెప్పెదను" అనుటకు మనకు అర్హత కలదా అనునది విచారణీయము.

విద్యార్థి, గ్రంథము, గురువు

చరకసంహిత విమానస్థానమున ఎనిమిదవదైన రోగభిషగ్జితీయాధ్యాయమున ఈ విషయము విపులముగా కలదు. వైద్యుడు కాగోరు బుద్ధిమంతుడు మొదట తాను చేపట్టు కార్యము యొక్క గురులాఘవములను, ఫలమును, దేశకాలములను ఆలోచించుకొనవలెను. పిదప శాస్త్రమును పరీక్షింపవలెను. ఆ తరువాతనే ఆచార్యపరీక్ష. నేటివారు ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నారు. మొదట గురువును వెదకుదురు. ఆయన చేతనున్న పుస్తకమే వారికి శాస్త్రమగును. ఈ చదువు తనకు తగునా అను ప్రశ్న చివరకు మిగులును, లేదా పుట్టనే పుట్టదు.

లోకమున వైద్యశాస్త్రములు పెక్కులు ప్రచారమున నున్నవని చరకుడే చెప్పియున్నాడు. వానిలో పెద్దలు ఆదరించినది, పునరుక్తి లేనిది, మూడు విధముల బుద్ధిగల శిష్యులకును హితమైనది, క్లిష్టశబ్దములు లేనిది, ప్రకరణములు కలగాపులగము కానిది, లక్షణమును ఉదాహరణమును రెండును గలది గ్రహింపదగినది. ఈ కొలతతో చూచినచో మన ప్రాంతపు గ్రంథములకును తగిన స్థానము ఏర్పడును. తెలుగువైద్యులు తరతరములుగా వాడిన బసవరాజీయము సంస్కృతముతోపాటు తెలుగును గలిగిన గ్రంథము. చికిత్సాయోగములకు అది మేలైన ఆకరము. కాని రసవీర్యవిపాకముల సిద్ధాంతము తెలియగోరువాడు దానితో మొదలిడరాదు. అతడు చరక సూత్రస్థానము 26వ అధ్యాయమును ముందు చదివి, తరువాత భావప్రకాశము వంటి నిఘంటుభాగముగల గ్రంథమును పట్టవలెను. తనకు కావలసిన గ్రంథమేదో తెలిసినవానికి కావలసిన గురువెవరో సగము తెలిసినట్లే.

ఇది ఆధునిక ఔషధవిద్యకును వర్తించును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసున వైద్యము చదివి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, 1923లో అమెరికా చేరిరి. ఆయన కోరినది జీవరసాయనము. హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర ప్రయోగశాలలో పనిచేయగా, 1925లో భాస్వరమును కొలుచు విధానము ఇరువురి పేరుతోను వెలువడినది. విషయమునుబట్టి గురువును చేరుటకు ఇది మనవారిలో కానవచ్చు గొప్ప ఉదాహరణము. బి.ఫార్మసీ విద్యార్థి ఫార్మకాలజీ కొరకు సంస్కృతపండితుని వద్దకు వచ్చినచో, అతనిని ఆ శాస్త్రము బోధించువారి కడకు పంపుటయే న్యాయము.

ఆచార్యలక్షణములు

చరకుడు చెప్పిన ఆచార్యగుణములలో మొదటిది పర్యవదాతశ్రుతత్వము, అనగా సందేహమలినము లేని శాస్త్రజ్ఞానము. వెంటనే పరిదృష్టకర్మత్వము చెప్పబడినది. చదువు ఎంత నిర్మలమైనను కర్మను కన్నులార చూడనివాడు ఈ శాస్త్రమున ఆచార్యుడు కాడని దీని భావము. జితహస్తత్వము చేతిపనిలో నేర్పు. ఉపకరణవత్త్వము సాధనసంపత్తి. ద్రవ్యగుణమున ఉపకరణములనగా పచ్చిమొక్కలు, ఎండుమూలికల నమూనాలు, చిన్నదైనను ఒక ఓషధివనము. ఇవి యేవియు లేక పుస్తకముతో మాత్రమే ద్రవ్యగుణము చెప్పువాని వద్ద పరీక్షకు వలసిన మాటలు దొరకును.

అహంకారము, అసూయ, కోపము లేకుండుట, కష్టము నోర్చుట, శిష్యవాత్సల్యము అనునవి శీలగుణములు. జాబితా చివర అధ్యాపకత్వమును, జ్ఞాపనసామర్థ్యమును వేరువేరుగా పేర్కొనుట గమనింపదగినది. పాఠము చెప్పుట వేరు, తెలియజేయగలుగుట వేరు. మాళవికాగ్నిమిత్రమున గణదాస హరదత్తుల వివాదము నడిచినది ఈ భేదము మీదనే. అచట విద్యను బ్రతుకుతెరువుకే వినియోగించువాడు జ్ఞానమును అమ్ముకొను వర్తకుడని ఆక్షేపింపబడినాడు. ఆచార్యులను వారి శిష్యుల ప్రదర్శనమునుబట్టి పరీక్షించు పద్ధతియు అచటనే కలదు. విద్యార్థి తల్లిదండ్రులు ఫీజు మాట్లాడుటకు ముందు, ఆ గురువు కడ ఒక ఏడాది చదివిన శిష్యునితో అరగంట మాట్లాడిరేని చాలవరకు తెలిసిపోవును.

పేరుప్రతిష్ఠలను లక్షణములుగా భ్రమింపరాదు. హాలియాకు దాపుననే నాగార్జునకొండ కలదు. సుశ్రుతసంహితను సంస్కరించినవాడు నాగార్జునుడని వ్యాఖ్యాత డల్హణుడు చెప్పినాడు. రసతంత్రములు వేరొక సిద్ధనాగార్జునుని కీర్తించును. మాధ్యమికదార్శనికుడైన నాగార్జునుడు ప్రసిద్ధుడే. వీరందరు ఒక్కరేయని నిర్ధారింపబడలేదు. కావున ఎవరైన "మాది నాగార్జునసంప్రదాయము" అని చెప్పి పాదరసయోగములు నేర్పుదుమన్నచో, ఆ పేరు ప్రమాణము కాజాలదు. ఆయన చదివిన గ్రంథమేది, ఎవరి కడ శోధనమారణములు చూచినాడు, పొందిన అర్హత యేమి అని అడుగవలెను. అడిగినందుకు కోపించినచో అకోపనత్వము లేదని అప్పుడే తేలిపోవును.

నామము, రూపము, యోగము

చరకుడు సూత్రస్థానము మొదటి అధ్యాయమున చెప్పిన మాట ఈ చర్చకు ఆయువుపట్టు. ఓషధుల నామరూపములు మేకల, గొర్రెల, ఆవుల కాపరులకును ఇతర వనచరులకును తెలియును. అంతమాత్రమున ఓషధితత్త్వము తెలిసినట్లు కాదు. నామరూపములతోపాటు యోగమునుగూడ ఎరిగినవాడు తత్త్వవిదుడు. తెలియని ఔషధము విషశస్త్రాగ్నులతో సమానము, తెలిసినది అమృతతుల్యము. నేడు ఈ మూడును ఒక్క గురువునందు కూడియుండుట అరుదు. ఏ అంశమునకు ఎవరు గురువో వేరుచేసికొనుట అందుచేత అవసరమగుచున్నది.

నామవిషయమున సంస్కృతజ్ఞునికి అధికారము కలదు. విజయ యను పదము నిఘంటువులలో కరక్కాయ భేదమునకు పేరు. రసగ్రంథములలో అదే పదము గంజాయిని చెప్పును. అమృత యనగా తిప్పతీగ, కొన్నిచోట్ల ఉసిరిక, కొన్నిచోట్ల కరక్కాయ. సైంధవశబ్దము భోజనవేళ ఉప్పును, ప్రయాణవేళ గుఱ్ఱమును తెలుపునని పాఠశాలలో బాలునికి చెప్పు పాఠము ఇచట ప్రాణరక్షకమగును. ప్రకరణమునుబట్టి అర్థనిర్ణయము చేయుట వ్యాకరణమీమాంసలు చదివినవాని పని.

రూపవిషయమున మన అధికారము ఆగిపోవును. నిఘంటువులలో పాతాళగరుడి యను పేర చెప్పబడినది మనవారి దూసరతీగ. తెలుగునాట పలువురు పాతాళగరుడి యని పిలుచునది సర్పగంధను. మొదటిది సామాన్యమైన తీగ, రెండవది రక్తపుపోటును తగ్గించు తీవ్రౌషధమగు రెసర్పిన్‌కు మూలము. అట్లే బ్రాహ్మి యని ఒకరు నీటిసాంబ్రాణిని, మరియొకరు సరస్వతి ఆకును ఇత్తురు. ఈ భేదమును శ్లోకము చూపజాలదు, ఆకు చూపవలెను. దీనికి గురువులు వృక్షశాస్త్రోపన్యాసకులు, పశువుల కాపరులు, అమ్రాబాదు నల్లమలలోని చెంచుపెద్దలు. చెంచులను ఆశ్రయించుట చరకసమ్మతమే. అయితే అది పులుల రక్షితారణ్యము. అనుమతి లేనిదే ప్రవేశింపరాదు, మూలికలను పెరుకరాదు.

రూపభ్రాంతి ఎంతవరకు పోవునో ఇటీవలి చరిత్ర చూపినది. కొవిడ్ కాలమున తిప్పతీగ కషాయము ఇంటింటను వాడబడినది. 2020 చివరి నెలలలో ముంబయిలో ఆరుగురికి కాలేయమునకు హాని కలిగినట్లు వైద్యులు 2021లో ప్రకటించిరి. వాడిన తీగ సరిగా గుర్తింపబడలేదనియు, అదే జాతిలోని మరొక తీగ కావచ్చుననియు ఆయుష్ మంత్రిత్వశాఖ సమాధానమిచ్చినది. 2022లో పలు నగరముల ఆసుపత్రుల వైద్యులు కలిసి ప్రకటించిన పరిశీలనము అసలు తిప్పతీగ విషయముననే అనుమానమును తెలిపినది. ఇచట రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. తీగ ఏది అనునది రూపప్రశ్న. సరియైన తీగయే యైనను ఎవరికి, ఎంత మాత్రలో, ఎంతకాలము అనునది యోగప్రశ్న. అమృత యను పేరు ఈ రెండింటిలో దేనికిని సమాధానము కాదు.

యోగమునకు గురువు రోగులను చూచు, అర్హత పొందిన వైద్యుడే. చిత్రకమును దంతియును రెండును కటురసము, కటువిపాకము, ఉష్ణవీర్యము గలవి. అయినను దంతి విరేచనము చేయును, చిత్రకము చేయదు. ఇది ప్రభావమని చరకుడు వివరించినాడు. దీనిని సంస్కృతపండితుడు అన్వయించి చెప్పగలడు. దంతిని ఏ రోగికి ఈయరాదో చెప్పవలసినవాడు వైద్యుడు.

దూరబోధనము

2020 తరువాత సెల్‌ఫోనులో పాఠములు వినుట సామాన్యమైనది. శ్లోకోచ్చారణమునకు, వ్యాఖ్యానమునకు అది ఉపకరించును. హాలియా వంటి ఊరి విద్యార్థికి హైదరాబాదు పండితుని కంఠము వినబడుట మేలే. కాని రసము జిహ్వాసంయోగముచేతను, విపాకము చివరి కర్మచేతను, వీర్యము శరీరమున నిలుచుట, తాకుట వలనను తెలియునని చరకమతము. చేదునకు, వగరునకు గల భేదమును తెర బోధింపజాలదు. దూరగురువు ఉన్నవానికి సైతము, పక్కనుండి గుర్తించిన ద్రవ్యమును చేతికిచ్చు సమీపగురువు ఒకడు కావలెను. ఎరుగని ఆకును నోట వేసికొని చూచుట మాత్రము ఎన్నడును తగదు.

తద్విద్యసంభాష

జ్ఞానోపాయములు మూడని చరకుడు చెప్పినాడు. అవి అధ్యయనము, అధ్యాపనము, తద్విద్యసంభాష. మూడవదానిలో స్నేహపూర్వకమైన సంధాయసంభాష, జయాపేక్షగల విగృహ్యసంభాష అని రెండు భేదములు. ఒక్క గురువు దొరకని గ్రామములకు మొదటిది గొప్ప ఆసరా. సెలవులలో ముగ్గురు విద్యార్థులు కూడి, వారమునకు ఒక ద్రవ్యము చొప్పున, ఒకనాడు సంస్కృతోపాధ్యాయుని కడ దాని పర్యాయపదములను నిర్వచనములతో చదివి, మరునాడు వృక్షశాస్త్రోపన్యాసకునితో చెలకలోనో వాగుగట్టునో ఆ మొక్కను చూచి, మూడవనాడు వైద్యుని కడ దాని ప్రయోగనిషేధములు వినినచో, ఒక వేసవిలో ఎనిమిది ద్రవ్యములు వచ్చును. సంఖ్య స్వల్పమే. కాని నూరు ద్రవ్యముల పట్టికను కంఠస్థము చేసి ఒక్కదానిని పొలమున గుర్తింపలేనివానికంటె ఇతడు మేలు. అర్థమెరుగక చదివినవాడు గంధపుచెక్కలు మోయు గాడిద వంటివాడని సుశ్రుతుడు ఊరకయే చెప్పలేదు.

ప్రాచ్యకళాశాలల కర్తవ్యము

ఒకే శాస్త్రము చదివినవాడు శాస్త్రనిశ్చయము నెరుగజాలడని, వైద్యుడు బహుశ్రుతుడు కావలెనని సుశ్రుతుడు శాసించినాడు. తమ శాస్త్రమున వచ్చు ఇతరశాస్త్రవిషయములను ఆయా శాస్త్రములు తెలిసినవారినుండియే వినవలెననియు చెప్పినాడు. ఈ వాక్యము మన విద్యకు వైద్యవిద్యయందు స్థానము కల్పించుచున్నది, దాని మేరను గూడ నిర్ణయించుచున్నది. పదచ్ఛేదము, అన్వయము, పరిభాష, తంత్రయుక్తులు, వ్యాఖ్యానపరిచయము మనము చెప్పవలసినవి. మొక్కను నిర్ణయించుట, మాత్ర చెప్పుట, మందు ఇచ్చుట మనవి కావు. ప్రతి ప్రాచ్యకళాశాలయు వేసవిలో ఆయుర్వేద విద్యార్థులకు చరకసూత్రస్థానములోని కొన్ని అధ్యాయములను ఈ హద్దులలో బోధించినచో, సంహితాధ్యయనము పరీక్షాపత్రమును దాటి ముందుకు సాగును. మన విద్యార్థులకును శాస్త్రగ్రంథపఠనమున ఒక త్రోవ ఏర్పడును.

సుశ్రుతసంహితలోని శిష్యోపనయనప్రకరణమున శిష్యునితో నియమములు పలికించిన ఆచార్యుడు తానును ఒక ప్రతిజ్ఞ చేయును. నీవు సరిగా ప్రవర్తించుచుండగా నేను వేరుగా చూచితినేని పాపభాగినగుదును, నా విద్య నిష్ఫలమగును అని దాని సారము. తెలియని అంశమును తెలిసినట్లు బోధించుట ఈ ప్రతిజ్ఞకు భంగమే. సంస్కృతోపాధ్యాయుడు తప్పు చెప్పిన పర్యాయపదము రేపు ఒక రోగి కషాయములో చేరును. కావున ద్రవ్యగుణము కోరి వచ్చిన విద్యార్థికి మొదటి దినముననే, "శబ్దము నా కడ నేర్చుకొనుము, రూపమునకు వారి కడకు, యోగమునకు వైద్యుని కడకు పొమ్ము" అని స్పష్టముగా చెప్పి, ఆ ఇరువురి చిరునామాలను గూడ ఈయవలెను.