జమ్‌జమ్ నీటి ప్రయాణము

హజ్ యాత్ర ముగించుకొని వచ్చిన వారిని చూచుటకు బంధుమిత్రులు వెళ్ళుట పాతబస్తీలో పెద్ద ఆచారము. మొగల్‌పురాలో గాని, షాఅలీబండలో గాని, హుస్సేనీ ఆలంలో గాని అట్టి యింట అడుగు పెట్టినవారికి ఒక ఖర్జూరపు పండును, చిన్న గిన్నెలో రెండు గుటకల నీటిని ఇత్తురు. ఖర్జూరము పత్థర్‌గట్టీ దుకాణములలోను దొరకును. ఆ నీరు మాత్రము మక్కాలో కాబాకు ఇంచుమించు 20 మీటర్ల దూరమున నున్న జమ్‌జమ్ బావినుండి రావలెను. ఎడారిలో దాహముతో అలమటించిన పసివాడు ఇస్మాయీల్ కొరకు, అతని తల్లి హాజిరా పరుగులు తీయుచుండగా పుట్టిన ఊట అది యని ముస్లిముల విశ్వాసము. వ్యాపారమునకై ఈ నీటిని విదేశములకు పంపుటను సౌదీ ప్రభుత్వము నిషేధించినది. కావున ఎవరో ఒకరు అక్కడికి పోయి, తమ సామానుతో పాటు తెచ్చినచో తప్ప అది మన ఊరు చేరదు. తెచ్చువాడు ఎంత తేగలడు? ఓడవారు, విమానమువారు ఎంత తేనిత్తురు? చార్మినారు చుట్టుపట్ల కుటుంబములకు ఇది వట్టి తూనికల లెక్క కాదు.

తాను త్రాగుదానిని తానే వెంట తీసుకొని ఓడ యెక్కుట లోకమున కొత్త ముచ్చట కాదు. 1902లో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమునకు లండను వెళ్ళిన జయపూరు మహారాజు రెండవ మాధోసింగు, ఒలింపియా అను ఓడలో గంగాజలమును నింపుకొని పోయిన వెండి గంగాళములు నేటికిని జయపూరు సిటీ ప్యాలెస్‌లో చూడవచ్చును. ఒక్కొక్కటి 345 కిలోల వెండి! మహారాజు గనుక ఆయనను ఆపినవారు లేరు. సామాన్య ప్రయాణికుని మాట వేరు. నేడు పాశ్చాత్య దేశములలో విహార నౌకలెక్కువారు తమ ద్రాక్షసారాయమును తెచ్చుకొనవచ్చునా యని విచారించుకొని మరీ బయలుదేరుదురు. కొన్ని కంపెనీలు పెద్దవారికి తలకొక 750 మిల్లీలీటర్ల సీసాను, అదియు మొదటిసారి నౌక యెక్కు దినముననే, అనుమతించును. ఆ సీసాను భోజనశాలలో తెరిపించుకొన్నచో బిరడా తీసినందుకు రుసుము కూడ పుచ్చుకొనును. మా నౌకలో అమ్మునది ఉండగా నీవు తెచ్చుకొనుట యేల యనునది వారి మనసులోని మాట. పవిత్రజలమును దీనితో సరిపోల్చుట మా అభిప్రాయము కాదు. ఓడ యజమాని పెట్టు ప్రతి నియమము వెనుకను ఏదో ఒక భయముండును. మద్యము విషయమున అది బేరము చెడునను భయము. జమ్‌జమ్ విషయమున మొదట రోగభయము, తరువాత బరువు భయము. ఈ రెండును మన హాజీలను చాలకాలము వెంటాడినవి.

పూర్వము గోల్కొండ సుల్తానుల కాలమున మన హజ్ రేవు మచిలీపట్నము. అక్కడినుండి ఎర్రసముద్రపు రేవులకు సుల్తానుల ఓడలు సరకులతో పాటు యాత్రికులను కూడ తీసుకొనిపోయెడివి. తరువాతి కాలమున బొంబాయి ప్రధానమైనది. 1874లో నిజాము రైలుమార్గము వాడీ వద్ద బొంబాయి లైనుతో కలియుటతో హైదరాబాదు యాత్రికునకు బొంబాయి దగ్గరైనది. అక్కడ ఆవిరి ఓడ యెక్కినచో జిద్దా చేరుటకు వారము దినములకు పైబడి పట్టెడిది. పైతట్టు మీద చాపపరచుకొని పోవు బీదవాడు బియ్యము, పప్పు, ఊరగాయ, వంటపాత్రలు తానే మోసికొని పోయెడివాడు. నీరు మాత్రము ఎన్ని దినములకని మోయగలడు? అది ఓడవాని దయ. ఆ దయ కొందరి యెడల కరవై, దప్పికతో యాత్రికులు పడిన కష్టములు పెద్ద వివాదములే అయినవి. చివరకు 1903లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య ఒప్పందములో, యాత్రికుల ఓడలో ప్రతి మనిషికి, చిన్నపెద్ద భేదము లేక, దినమునకు కనీసము 5 లీటర్ల మంచినీరు ఉచితముగా ఇయ్యవలెనని వ్రాసికొనిరి. ఈ 5 లీటర్ల అంకె మరల మనకు ఎదురగును, శ్రోతలు గుర్తుంచుకొనగలరు.

తిరుగు ప్రయాణమున బియ్యపు మూట ఖాళీ యగును, దాని చోట జమ్‌జమ్ వచ్చి చేరును. రేకు డబ్బాలో నీరు నింపి, మూతకు మాటు పెట్టించి, పైన గోనెగుడ్డ కుట్టి, దానిమీద పేరు వ్రాయించుకొనెడివారు. ఓడలో స్థలమున్నది, బరువునకు అంత పట్టింపు లేదు. అయితే ఆ కాలమున ఈ నీటిమీద మరియొక నింద పడినది. 1880 ప్రాంతములలో హజ్ యాత్రికులతో కలరా దేశదేశములకు ప్రాకుచున్నదని ఐరోపా ప్రభుత్వములు భయపడుచుండెను. 1882నుండి మన దేశపు యాత్రికులను ఎర్రసముద్రములోని కమరాన్ అను దీవిలో దింపి, దినముల తరబడి విడిగా ఉంచి, బట్టలను శుద్ధిచేసి పంపెడివారు. ఆ రోజులలోనే జిద్దాలోని బ్రిటిష్ కాన్సలు జమ్‌జమ్ పేర ఒక సీసాను లండనుకు పంపగా, ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లండ్ అను ప్రసిద్ధ రసాయనవేత్త అది మురుగుతో సమానమని తేల్చెను. ఈ తీర్పు ముస్లిములను మిక్కిలి నొప్పించినది. ఇందొక సంగతి చెప్పవలెను. ఆనాటి రసాయన పరీక్షకు క్రిములు కానరావు. నీటిలో కరిగియున్న నత్రజని లవణములను కొలిచి, ఇవి హెచ్చుగా ఉన్నవి గనుక ఎప్పుడో మురుగు కలిసియుండునని ఊహించుటయే ఫ్రాంక్‌లండ్ పద్ధతి. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ గుర్తించినది 1883, 84 సంవత్సరములలో. ఒక్క సీసాతో ఒక బావికి శిక్ష వ్రాయుట తొందరపాటేయని మాకు తోచును. నేడు మక్కాకు దక్షిణమున కుదయ్ వద్ద 2010లో ప్రారంభించిన కేంద్రములో ఈ నీటిని వడపోసి, అతినీలలోహిత కిరణములతో శుద్ధిచేసి డబ్బాలలో నింపుచున్నారు.

బొంబాయి, జిద్దాల నడుమ యాత్రికుల ఓడలు 1995తో నిలిచిపోయినవి. ఆ తరువాత మన హాజీలందరును విమాన ప్రయాణికులే. వారము పట్టు ప్రయాణము కొన్ని గంటలకు తగ్గినది గాని, రేకు డబ్బా కాలము కూడ దానితోనే తీరిపోయినది.

విమానములో నీటికి రెండు చిక్కులు. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవమును రానీయరు. 2006లో లండనులో బయటపడిన బాంబు కుట్ర తరువాత లోకమంతట వ్యాపించిన కట్టుబాటు ఇది. పెట్టెలో పెట్టుదమన్నచో అక్కడను చిక్కే. అరలో డబ్బా పగిలినదా, తన బట్టలతో పాటు పదిమంది సామానును తడియును. అందుచేత సూటుకేసులో దాచి తెచ్చిన జమ్‌జమ్ డబ్బాలను విమానాశ్రయమున తీసివేయుదురు. ఎంతో భక్తితో తువాలులో చుట్టి అడుగున పెట్టిన సీసాను అధికారి పైకి తీయుచుండగా ఆ ముసలివారి ముఖము చూడవలెను! నియమము తెలియకపోవుటయే దీనికి కారణము గనుక, ఈ సంగతి వెళ్ళువారికి ఇంటివారు ముందే చెప్పుట మంచిది.

మూడవది బరువు. నీరు లీటరుకు ఒక కిలో. మనిషికి 5 లీటర్ల చొప్పున 180 మందికి లెక్క కట్టినచో 900 కిలోలు. పండ్రెండుమంది ప్రయాణికుల పైమాట. పెద్ద విమానమునకు ఇది లెక్కలోనిది కాదు, చిన్న విమానమునకు లెక్కలోనిదే. 2019 జూలైలో జరిగినది ఇదియే. జిద్దా నుండి హైదరాబాదు మీదుగా ముంబయికి, జిద్దా నుండి కొచ్చికి నడుచు రెండు సర్వీసులలో విమానములు మారినవి, సీట్లు పరిమితమైనవి గనుక సెప్టెంబరు 15 వరకు జమ్‌జమ్ డబ్బాలను అనుమతింపమని ఎయిరిండియా వారు ప్రకటించిరి. హజ్ కాలము ముంగిట ఈ మాట వెలువడగానే గగ్గోలు పుట్టినది. కొద్ది దినములలోనే కంపెనీవారు సవరించుకొని, తమకు చెల్లు సామాను పరిమితికి లోబడి డబ్బాలను తెచ్చుకొనవచ్చునని తెలిపిరి. వారి తూనిక తప్పు కాకపోవచ్చును. పెట్టెలోని తక్కిన వస్తువులను వదలుకొనుటకు యాత్రికుడు సిద్ధపడును గాని దీనిని వదలుకొనడను సంగతి వారికి ఆలస్యముగా తోచినది.

హజ్ కమిటీ ద్వారా వెళ్ళువారికి ఇటీవలి సంవత్సరములలో వాడుకలోనున్న ఉపాయము చాల తెలివైనది. యాత్రికులను దింపిన విమానము వెనుకకు ఖాళీగా రావలసినదే గదా. ఆ ఖాళీ విమానములో సీలువేసిన 5 లీటర్ల డబ్బాలను ముందుగానే పంపివేయుదురు. అవి శంషాబాదులో దిగి, గోదాములో హాజీల కొరకు వేచియుండును. నెల దాటిన పిదప హాజీ వచ్చి, పెట్టెలు తీసుకొని, పోవుచు తన డబ్బాను అందుకొనును. అనగా నేడు నీరు హాజీని వెంబడించి వచ్చుట లేదు, హాజీయే నీటి వెనుక వచ్చుచున్నాడు. ఉమ్రాకు వెళ్ళువారికి ఈ సదుపాయము లేదు. వారు జిద్దాలో సీలువేసిన డబ్బాను కొని, టికెట్టు ఇచ్చిన కంపెనీ నియమమును ముందు కనుగొని, విడిగా అప్పగింపవలెను.

ఈ 5 లీటర్లు పాతబస్తీ యింట ఎంతమందికి వచ్చును? నూరు మిల్లీలీటర్ల సీసాలలో పోసినచో యాభై. అన్నదమ్ములు, వియ్యాలవారు, గల్లీలోనివారు, మసీదులో ప్రక్కన నిలుచు స్నేహితులు: యాభై ఏమూలకు? అందుకే చాలమంది ఇళ్ళలో ఇంటినీటిలో కొంత జమ్‌జమ్ కలిపి పంచుదురు. రమజానులో ఉపవాసము విడుచునప్పటికి కొంత, రోగిష్ఠివారికి కొంత, ప్రాణము పోవు వేళ పెదవులకు తాకించుటకని ఒక చిన్న సీసా మూత బిగించి బీరువాలో పెట్టుకొందురు. మరికొందరు ఇంకొక మార్గమెరుగుదురు. తమ కఫను గుడ్డను మక్కాలోనే జమ్‌జమ్‌లో తడిపి, ఎండలో ఆరవేసి, మడిచి తెచ్చుకొందురు. ఎండిన గుడ్డను ఏ తూనికయు అడ్డదు, ఏ అధికారియు తీయడు.

ఈ ప్రసంగమును సిద్ధపరచుచు శాలిబండ దాపున ఒక వృద్ధుని కలిసికొంటిమి. ఆయన ఒకసారి ఓడమీద, మరియొకసారి విమానములో హజ్ చేసి వచ్చినవారు. "హాజీ సాబ్, ఓడలో ఎంత తెచ్చినారు?" అని అడిగితిమి.

"రెండు డబ్బాలు తెచ్చినాను సాబ్. ఒకటి దారిలో కారిపోయింది. రెండోది అమ్మీకి ఇచ్చినాను. ఆమె ఏడేండ్లు దాచింది" అని బదులు చెప్పిరి.

"విమానములో?"

"ఐదు లీటర్లు. మూడు దినాల్లో అయిపోయింది. ఇప్పుడు చుట్టాలు ఎక్కువైనారు" అని నవ్వి, లోపలికి పోయి, అడుగంటిన ఒక ప్లాస్టిక్ సీసాను తెచ్చి, మా అరచేతిలో కొంచెము పోసిరి.