పాట ఊరేగింది... గొంతు మిగిలిపోయింది

బీటిల్స్ తొలి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మి' 1963లో వచ్చింది. అందులో జాన్ లెనన్ 'ఆనా' అనే పాట పాడాడు. మరుసటి ఏడాది రోలింగ్ స్టోన్స్ 'యు బెటర్ మూవ్ ఆన్' అందుకున్నారు. 1988లో బాబ్ డిలాన్ వంతు... 'శాలీ స్యూ బ్రౌన్'. మూడూ మొదట పాడింది ఒక్కడే. ఆర్థర్ అలెగ్జాండర్. డిలాన్ రికార్డు వచ్చేనాటికి ఆయన అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఓ సేవాసంస్థకు బస్సు నడుపుకుంటున్నాడు!

1940లో అలబామా రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి కుర్రాడు ఆర్థర్. హోటల్లో సామాన్లు మోసేవాడు. 1961లో మజిల్ షోల్స్‌లోని ఓ పాత పొగాకు గోదాములో రిక్ హాల్ అనే కుర్ర నిర్మాత 'యు బెటర్ మూవ్ ఆన్' రికార్డు చేశాడు. డబ్బున్న ప్రత్యర్థిని 'ఈ పిల్ల నాది, నీ దారి చూసుకో' అని పేదవాడు హెచ్చరించే పాట. మరుసటి ఏడాది అమెరికా హిట్ల పట్టికలో 24వ స్థానం దాకా వెళ్లింది. ఆ డబ్బుతోనే హాల్ కొత్త ఫేమ్ స్టూడియో కట్టుకున్నాడు. అరేతా ఫ్రాంక్లిన్ పాడింది అక్కడే.

తెల్లవాళ్ల పల్లెపాట 'కంట్రీ', నల్లవాళ్ల చర్చి పాటలోంచి పుట్టిన 'సోల్'... ఆ రెండూ ఆర్థర్ గొంతులో కలిశాయి. అరవడు, ఏడవడు. 'ఆనా'లో వదిలి వెళ్లిపోతున్న అమ్మాయిని ఆపను కూడా ఆపడు. లెనన్ అదే పాటను గొంతు చించుకుని పాడాడు. బాగుంటుంది. కానీ ఆ తర్వాత ఆర్థర్‌ది వింటే బాధ ఇంకాస్త లోపలికి దిగుతుంది.

పాటలు దేశాలు తిరిగినా రావాల్సిన రాయల్టీ మాత్రం ఆయన చేతికి సరిగా అందలేదు. చాలాకాలం పాటలకే దూరమయ్యాడు. 1993లో పాత మిత్రులు డాన్ పెన్, స్పూనర్ ఓల్డమ్ తోడుగా 'లోన్లీ జస్ట్ లైక్ మి' ఆల్బమ్‌తో తిరిగొచ్చాడు. మెచ్చుకోళ్లు మొదలయ్యాయో లేదో... ఆ జూన్ 9న గుండెపోటు. 53 ఏళ్లు.

ఆయన పోయాక పాత రికార్డులు ఒక్కొక్కటీ మళ్లీ బయటికి వచ్చాయి. 2001లో మాన్యుమెంట్ కంపెనీకి పాడినవి, 2007లో ఆ చివరి ఆల్బమ్, 2017లో 1972 నాటి ఆల్బమ్. కొత్తగా వినేవాళ్లు ఈ చివరిదానితో మొదలుపెట్టొచ్చు. అందులో 'బర్నింగ్ లవ్' ఉంది. ఎల్విస్ ప్రెస్లీ పాటగానే లోకానికి తెలుసు. దాన్ని ముందుగా రికార్డు చేసింది మాత్రం ఆర్థరే!