తూకంలో రోజువారీ హెచ్చుతగ్గులు: కొవ్వు లెక్క వేరు, నీటి లెక్క వేరు

పెళ్లి భోజనం చేసి వచ్చిన మర్నాడు ఉదయం తూకం యంత్రం ఎక్కితే కిలో ఎక్కువ చూపించడం చాలామందికి అనుభవమే. రెండు మూడు వారాలుగా అన్నం తగ్గించి, రోజూ గంటసేపు నడిచి, నూనె వంటకాలకు దూరంగా ఉన్నవారిని ఆ అంకె బాగా కుంగదీస్తుంది. ఇంత కష్టపడినా ఫలితం లేదని ఆ రోజే ప్రయత్నం మానేసేవారు కొందరు. కోపంతో రెండు పూటలు తిండి మానేసేవారు ఇంకొందరు. నిజానికి ఆ కిలోలో కొవ్వు పాలు చాలా స్వల్పం. మిగిలినదంతా నీరు, ఇంకా అరగని ఆహారం. ఈ తేడా తెలియకపోవడం వల్లే, సరైన దారిలో నడుస్తున్న వారు కూడా మధ్యలోనే ఆగిపోతుంటారు.

ఒక్క రాత్రిలో కిలో కొవ్వు పెరుగుతుందా?

శరీరంలోని కొవ్వు కణజాలం ఒక కిలోలో సుమారు 7,700 కిలో కేలరీల శక్తి నిల్వ ఉంటుంది. పౌను కొవ్వుకు 3,500 కిలో కేలరీలని 1958లో అమెరికా వైద్యుడు మాక్స్ విష్నోఫ్‌స్కీ వేసిన లెక్కను కిలోల్లోకి మారిస్తే వచ్చే అంకె ఇది. రోజుకు 2,000 కిలో కేలరీలు అవసరమయ్యే మనిషికి 7,700 అంటే దాదాపు నాలుగు రోజుల తిండి. రోజూ తినేదానికి అదనంగా మరో నాలుగు రోజుల భోజనాన్ని ఒకే రోజున తినగలిగితే తప్ప కిలో కొవ్వు పేరుకోదు. ఎంత ఘనమైన విందులోనైనా అది దాదాపు అసాధ్యం.

ఇదే లెక్కను తిరగేసి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. ఒక మనిషి రోజూ అవసరానికన్నా 500 కిలో కేలరీలు తక్కువ తింటే, రోజుకు కరిగే కొవ్వు సుమారు 65 గ్రాములు. ఇళ్లలో వాడే డిజిటల్ తూకం యంత్రాలు సాధారణంగా 100 గ్రాముల మెట్లలో బరువు చూపిస్తాయి. అంటే రోజంతా చేసిన కృషి యంత్రం మీద ఒక్క మెట్టు కూడా కాదు. మరోవైపు నీరు, ఆహారం కారణంగా అదే శరీరం బరువు ఒకటి రెండు కిలోల మేర అటూ ఇటూ ఊగుతుంది. 65 గ్రాముల మార్పును కిలో ఊగిసలాటలో రోజువారీగా వెతకడమంటే సంతలో గుసగుస వినాలని ప్రయత్నించడమే.

శరీరంలో నీటి ఖాతా

వయోజన పురుషుడి శరీర బరువులో సుమారు 60 శాతం నీరే. మహిళల్లో ఇది కొంత తక్కువ, 50 నుంచి 55 శాతం వరకు ఉంటుంది. 70 కిలోల మనిషిలో దాదాపు 42 లీటర్ల నీరు ఉంటుందన్నమాట. అందులో రెండు శాతం తేడా వచ్చినా తూకం 800 గ్రాములకు పైగా మారిపోతుంది. ఆ తేడాకు కారణాలు నిత్య జీవితంలో బోలెడు.

మొదటిది పిండి పదార్థం. అన్నం, చపాతీ, ఇడ్లీల నుంచి వచ్చే గ్లూకోజులో కొంత భాగాన్ని కాలేయం, కండరాలు గ్లైకోజన్ రూపంలో దాచుకుంటాయి. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నింటిలో కలిపి సుమారు 400 గ్రాములు ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వలు నిండుగా ఉన్నప్పుడు గ్లైకోజన్, నీరు కలిసి రెండు కిలోల దాకా తూగుతాయి.

అన్నం బాగా తగ్గించిన మొదటి వారంలో బరువు గబగబా పడిపోవడానికి ప్రధాన కారణం ఇదే. ఆ వేగం చూసి మురిసిపోయినవారే రెండో వారంలో తగ్గుదల మందగించగానే నిరాశ పడతారు. మొదటి వారం పోయినదాంట్లో ఎక్కువ భాగం నీరు. రెండో వారం నుంచి కనిపించే నెమ్మదైన తగ్గుదలే అసలు కొవ్వుది. మధ్యలో ఒక పూట పులిహోరో బిర్యానీయో తింటే గ్లైకోజన్ నిల్వలు మళ్లీ నిండుతాయి. నీరూ తిరిగి వస్తుంది. కరిగిన కొవ్వు మాత్రం ఆ ఒక్క పూటతో తిరిగి రాదు.

రెండోది ఉప్పు. రక్తంలోని ఉప్పు సాంద్రతను శరీరం చాలా కచ్చితంగా కాపాడుకుంటుంది. ఆసుపత్రుల్లో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉండటానికి కారణం ఇదే. శరీర ద్రవాలకు సరిపడే పాళ్లు అవి. ఈ నిష్పత్తిని బట్టి, అదనంగా శరీరంలో నిలిచిన 4.5 గ్రాముల ఉప్పు దాదాపు అర లీటరు నీటిని పట్టి ఉంచగలదు. ఆవకాయ, అప్పడాలు, చిప్స్, హోటల్ కూరలు గట్టిగా తిన్న రోజు దాహం ఎక్కువవుతుంది, తాగిన నీరు నిలుస్తుంది, మర్నాడు ఉంగరం బిగుసుకుంటుంది. మూత్రపిండాలు ఆ అదనపు సోడియాన్ని బయటకు పంపడానికి ఒకటి రెండు రోజులు లేదా అంతకు మించి పట్టవచ్చు. ఆ తర్వాత తూకం దానంతట అదే దిగుతుంది. రోజుకు 5 గ్రాముల కన్నా తక్కువ ఉప్పు వాడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రక్తపోటు అదుపు కోసం చేసిన ఆ సూచనను పాటిస్తే తూకంలో ఊగిసలాటా కొంత తగ్గుతుంది.

మూడోది వ్యాయామం. అలవాటు లేనివారు కొత్తగా జిమ్‌లో చేరినా, మెట్లెక్కడం మొదలుపెట్టినా కండరాల్లో సూక్ష్మమైన గాయాలై, మరమ్మతులో భాగంగా అక్కడ నీరు చేరుతుంది. ఒళ్లు నొప్పులుగా ఉన్న రోజుల్లో బరువు కాస్త పెరగడం వింత కాదు. వ్యాయామం మొదలుపెట్టాకే బరువు పెరిగిందన్న ఫిర్యాదు వెనుక తరచూ ఉండేది ఇదే.

నాలుగోది మహిళల రుతుక్రమం. నెలసరికి ముందు రోజుల్లోనూ, మొదలైన తొలి రోజుల్లోనూ హార్మోన్ల మార్పుల వల్ల చాలామందిలో ఒంట్లో నీరు చేరుతుంది. కొందరిలో ఇది కిలో వరకూ ఉంటుంది. అందుకే మహిళలు ఈ వారాన్ని గత వారంతో పోల్చుకోవడం కన్నా, గత నెలలో ఇవే రోజుల నాటి బరువుతో పోల్చుకోవడం మేలు.

వీటికి తోడు పేగుల్లోని ఆహారం ఉండనే ఉంది. తిన్నది పూర్తిగా బయటకు పోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మలబద్ధకం ఉన్నా, పీచు ఎక్కువగా తిన్నా ఆ మేరకు తూకం మారుతుంది. అర లీటరు నీళ్లు తాగి యంత్రం ఎక్కితే అర కిలో పెరిగినట్టే చూపిస్తుంది కదా!

నాలుగు వందల ఏళ్ల నాటి తూకం కుర్చీ

శరీర బరువు క్షణక్షణం మారుతుందని కొలతలతో చూపినవాడు ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయ వైద్యుడు సాంటోరియో సాంటోరియో (1561–1636). పెద్ద త్రాసుకు కుర్చీని వేలాడదీసి, అందులో కూర్చుని ఏళ్ల తరబడి తన బరువును, తిన్న ఆహారాన్ని, విసర్జనలను తూచాడు. తిన్నదానికీ తాగినదానికీ, మలమూత్రాల రూపంలో పోయినదానికీ లెక్క సరిపోలేదు. మిగతాదంతా కంటికి కనిపించకుండా చర్మం, ఊపిరి ద్వారా పోతోందని ఆయన తేల్చాడు. 1614లో వెలువడిన ఆయన గ్రంథం వైద్యంలో కొలతల యుగానికి తొలి అడుగుల్లో ఒకటిగా నిలిచింది. రాత్రి పడుకునే ముందు కన్నా ఉదయం లేచాక బరువు తక్కువగా ఉండటానికి కారణం సాంటోరియో గమనించిన ఈ అదృశ్య నష్టమే.

కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకూ జవాబు ఊపిరిలోనే ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్కను వివరించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల నుంచి, 1.6 కిలోలు నీటి రూపంలో బయటకు పోతాయి. చెమట ఎంత కారితే కొవ్వు అంత కరిగినట్టన్న నమ్మకానికి ఇందులో చోటు లేదు. చెమటగా పోయిన బరువు రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగి వస్తుంది.

ఒక అంకె కాదు, వారం సగటు

మరి బరువు నిజంగా తగ్గుతోందో లేదో తెలిసేదెలా? గణాంక శాస్త్రంలో దీనికి సులువైన ఉపాయం ఉంది. ఊగిసలాట అటూ ఇటూ ఉంటుంది కాబట్టి సగటు తీస్తే చాలావరకు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. నెమ్మదైన అసలు ధోరణి పైకి తేలుతుంది.

ఉదాహరణకు ఒక వ్యక్తి సోమవారం నుంచి ఆదివారం వరకు రాసుకున్న బరువులు ఇలా ఉన్నాయనుకుందాం: 72.4, 72.1, 73.0, 72.6, 72.2, 71.9, 72.3 కిలోలు. మరుసటి వారం: 72.0, 71.7, 71.8, 72.5, 72.1, 71.6, 71.4. మొదటి మంగళవారం 72.1 ఉన్న బరువు, తొమ్మిది రోజుల తర్వాత గురువారం 72.5 అయింది. ఈ రెండు అంకెలే చూస్తే 400 గ్రాములు పెరిగినట్టు. కానీ మొదటి వారం సగటు 72.36, రెండో వారం సగటు 71.87. అంటే దాదాపు అర కిలో తగ్గుదల.

ఈ అర కిలో తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార మార్గదర్శకాల్లో వారానికి అర కిలో చొప్పున తగ్గడాన్ని సురక్షితమైన వేగంగా పేర్కొంది. వారానికి అర కిలో అంటే రోజుకు సుమారు 70 గ్రాములు.

తూచుకునే పద్ధతి ఒకేలా ఉంటే ఊగిసలాట ఇంకా తగ్గుతుంది. ఉదయం లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినక ముందు, తేలికైన దుస్తుల్లో తూచుకోవాలి. యంత్రాన్ని ఎప్పుడూ ఒకే చోట, గట్టి సమతల నేల మీద ఉంచాలి. తివాచీ మీద పెడితే కొలత తప్పుతుంది. ఇంట్లో ఒక యంత్రంతో, మందుల దుకాణంలో మరో యంత్రంతో తూచుకుని పోల్చడం వల్ల ప్రయోజనం లేదు.

నిజంగానే ఆగిపోతే

నాలుగైదు వారాలపాటు సగటు కూడా కదలకపోతే అది నీటి ఆట కాకపోవచ్చు. బరువు తగ్గేకొద్దీ శరీరానికి అవసరమయ్యే శక్తి కూడా తగ్గుతుంది. 80 కిలోల దేహాన్ని నడిపించడానికి అయ్యే ఖర్చు 72 కిలోల దేహానికి అవ్వదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన గణిత నమూనా దీన్ని లెక్కగట్టింది. ఆహారంలో ఒక స్థిరమైన మార్పు చేస్తే, దానివల్ల రావాల్సిన బరువు తగ్గుదలలో సగం రావడానికి సుమారు ఏడాది, 95 శాతం రావడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. కాబట్టి రోజుకు 500 కిలో కేలరీలు తగ్గిస్తే వారానికి అర కిలో చొప్పున ఏళ్ల తరబడి తగ్గుతూనే ఉంటామన్న లెక్క నిలవదు. వేగం తగ్గడం శరీర ధర్మం.

తూకం చెప్పని సంగతులూ ఉన్నాయి. పుణెలోని కేఈఎం ఆసుపత్రి పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్నిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం కాగా యాజ్నిక్‌లో 21.2 శాతం. ఎత్తుకు తగ్గ బరువున్నా భారతీయుల ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉండవచ్చనడానికి ఇది ప్రసిద్ధ ఉదాహరణ. అందుకే తూకంతోపాటు నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోవడం మంచిది. భారతీయుల్లో పురుషులకు 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు సూచిస్తారు. కండ పెరిగి కొవ్వు తగ్గుతున్నప్పుడు తూకం కదలకపోయినా నడుము తగ్గుతుంది.

ఓపిక పనికిరాని సందర్భాలు

నీటి బరువంతా నిరపాయకరం కాదు. గుండె వైఫల్యం ఉన్నవారిలో రెండు మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే, కాళ్లు వాస్తే, పడుకున్నప్పుడు ఆయాసం వస్తే వెంటనే వైద్యుణ్ని సంప్రదించాలి. కిడ్నీ, కాలేయ జబ్బులున్నవారికీ ఇలాంటి జాగ్రత్తే అవసరం. ప్రయత్నమేమీ చేయకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు శరీర బరువులో 5 శాతానికి పైగా తగ్గిపోయినా పరీక్షలు చేయించుకోవాలి.

తూకంలో అంకె దిగాలని మూత్రం ఎక్కువగా వచ్చే మందులు, విరేచన మందులు సొంతంగా వాడటం ప్రమాదకరం. వాటితో పోయేది కొవ్వు కాదు. నీటితోపాటు పొటాషియం వంటి లవణాలు కూడా తగ్గి గుండె లయ దెబ్బతినే ముప్పు ఉంది. అలాగే రోజూ తూచుకోవడం అందరికీ నప్పదు. అంకె చూడగానే ఆందోళన పడి తిండి మానేసేవారు, ముఖ్యంగా టీనేజీ పిల్లలు, వారానికోసారి తూచుకోవడమో, కొన్నాళ్లు యంత్రం జోలికి పోకుండా నడుము కొలతను, నడవగలిగే దూరాన్ని గమనించుకోవడమో మేలు. తిండి విషయంలో ఆ ఆందోళన తగ్గకపోతే వైద్యుడి సలహా తీసుకోవాలి.

మిగిలినవారు ఒక చిన్న పుస్తకంలో రోజు బరువు, దాని పక్కన ముందు రోజు విశేషం రాసుకుంటే చాలు: పెళ్లి భోజనం, రాత్రి ప్రయాణం, నెలసరి, కొత్త వ్యాయామం. నెల తిరిగేసరికి తన శరీరం దేనికి ఎంత ఊగుతుందో ఎవరికి వారికే అర్థమవుతుంది. ఆ తర్వాత ఉదయం పెరిగి కనిపించే కిలోకు కారణం పుస్తకంలోనే దొరుకుతుంది.