సుద్దముక్క ఎవరి చేతిలో? - బడిలో పిల్లల నాయకత్వం గురించి

అయ్యవారు స్టాఫ్ రూముకి పోయినప్పుడు మా క్లాసులో సుద్దముక్క లీడరు చేతికి వచ్చేది. మాట్లాడినోళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం లీడరు పని. అయ్యవారు తిరిగొచ్చాక పేరుకో దెబ్బ. కృష్ణపట్నం పక్క పల్లెలో నేను ఆరు నుంచి పది దాకా చదివిన బడిలో ఆ ఐదేళ్ళూ లీడరు ఊళ్ళోవాడే. వాడ నుంచి గానీ, యానాదుల గిరిజన కాలనీ నుంచి గానీ ఒక్కరూ కాలేదు. బోర్డు మీద ముందు పడే పేర్లు మాత్రం మావే. మాట్లాడినా పడేవి, మాట్లాడకపోయినా పడేవి. ఇంటికి పోయి చెప్తే మా అమ్మ నమ్మేది కాదు. "నోరు మూసుకోని కూర్చోరాదా అబ్బయ్యా" అనేది. ఆమె వేలిముద్ర వేసే మనిషి. బోర్డు మీద రాశారంటే నిజమే అయ్యుంటుందని ఆమె నమ్మకం.

ఆ లీడరు మీద నాకిప్పుడు కోపమేమీ లేదు. వాడూ పన్నెండేళ్ళ పిల్లోడే. వాడి చేతికి సుద్దముక్క ఇచ్చిందెవరు, ఏ పని కోసం ఇచ్చారు అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటే, ప్రభుత్వ పథకాల్లోనూ స్వచ్ఛంద సంస్థల కాగితాల్లోనూ 'తోటి విద్యార్థుల నాయకత్వం' అనే మాట తెగ వినబడుతోంది. పిల్లలే పిల్లలకి అండగా వుంటే బడి వాతావరణం మారుతుందంటున్నారు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద మొదలుపెట్టిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికీ ఇద్దరు టీచర్లు 'రాయబారులు', క్లాసు మానిటర్లు 'సందేశవాహకులు'. క్లాసు మానిటర్లు! అంటే సుద్దముక్క ఇప్పటికే ఎవరి చేతిలో వుందో వాళ్ళ చేతికే ఆరోగ్యం, అభిమానం, అండదండలు కూడా అప్పజెప్పారన్నమాట.

పిల్లల చేత పిల్లలకి చెప్పించడం కొత్తదీ కాదు, ఎక్కడో పుట్టిందీ కాదు. మనకి దక్షిణాన మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లల అనాథాశ్రమం వుండేది. 1789లో దాని బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్ అనే పాద్రి, అరుగు మీది బడిలో పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దడం చూశాడు. తన ఆశ్రమంలోనూ ఆ పని పెట్టి, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకి పాఠం చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. అది 'మద్రాసు పద్ధతి'గా ఇంగ్లండంతా పాకింది. ఎందుకు పాకింది? ఒక్క పంతులు జీతంతో వందల మంది బీద పిల్లల్ని వరసలో కూర్చోబెట్టొచ్చు గనక. మానిటరు అనేవాడు స్నేహితుడిగా పుట్టలేదు, చౌక కాపలాదారుగా పుట్టాడు. ఆ పుట్టుమచ్చ ఇంకా పోలేదు.

మరి పిల్లల నాయకత్వం బడిని నిజంగా ఎట్లా మారుస్తుంది? బడిలో ఏది తప్పో ఏది ఒప్పో పిల్లలు ప్రతిజ్ఞ చదివి నేర్చుకోరు. ఎవరి మాటకి పక్కవాళ్ళు నవ్వారు, ఎవరు పక్కన కూర్చుంటే లేచిపోయారు, మధ్యాహ్నం అన్నం దగ్గర ఎవరి పళ్ళెం ఎక్కడ పెట్టారు - ఇవి చూసి నేర్చుకుంటారు. 'అందరూ ఇట్లాగే చేస్తారు' అనే అంచనాయే బడి సంస్కృతి. పదిమంది కళ్ళు ఎవరి మీద వుంటాయో ఆ పిల్ల ఒకరోజు పళ్ళెం తీసుకుపోయి యానాది పిల్ల పక్కన కూర్చుంటే ఆ అంచనా కదులుతుంది. టీచరు బలవంతాన కూర్చోబెడితే కదలదు.

దీన్ని లెక్కగట్టి చూసిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఎలిజబెత్ పాలక్, ఆమె సహచరులు 56 మిడిల్ స్కూళ్ళలో చేసి 2016లో ప్రచురించారు. ముందు పిల్లలందరికీ ఒక కాగితం ఇచ్చారు. నువ్వు ఎవరితో కలిసి తిరుగుతావో పదిమంది దాకా గుర్తించమన్నారు. తర్వాత సగం బళ్ళలో చీటీ తీసినట్టు కొంతమంది పిల్లల్ని ఎంచుకున్నారు. మంచి మార్కులవాళ్ళనో, టీచర్లకి నచ్చినవాళ్ళనో కాదు. బయటి నుంచి వచ్చిన ఒక పెద్ద మనిషి వాళ్ళతో తరచూ కూర్చుని, మీ బడిలో ఏ గొడవలు మిమ్మల్ని బాధ పెడుతున్నాయి, ఏం చేద్దాం అని అడగడమే పని. పోస్టర్లు వాళ్ళే రాసుకున్నారు. ఎవరన్నా మంచిపని చేస్తే నారింజరంగు చేతిపట్టీ ఇచ్చారు. ఏడాదిలో ఆ బళ్ళలో గొడవల మీద నమోదైన క్రమశిక్షణ కేసులు, కార్యక్రమం లేని బళ్ళతో పోలిస్తే 30 శాతం తగ్గాయి. అసలు విషయం ఇది కాదు. ఆ చిన్న గుంపులో, తోటి పిల్లలు ఎక్కువమంది గుర్తించిన పిల్లలు ఎంత ఎక్కువ వుంటే ఫలితం అంత ఎక్కువ వచ్చింది.

అయితే న్యూజెర్సీలో ఊరు, వాడ లేవు. అక్కడ లేనిది మన క్లాసులో ఏం చేస్తుందో కర్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చూశారు. 2006లో అచ్చయిన వాళ్ళ పరిశోధనలో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముడులు ఇచ్చారు. ఎవరి కులమూ బయటికి చెప్పనప్పుడు అణగారిన కులాల పిల్లలూ పైకులాల పిల్లలూ దాదాపు సమానంగా విప్పారు. పేరు, తండ్రిపేరు, కులం అందరి ముందూ పైకి చదివాక అణగారిన పిల్లల సంఖ్య పడిపోయింది. అదే పిల్లలు, అవే చిక్కుముడులు! తెలివి ఎక్కడికి పోయింది? ఇప్పుడు మన బళ్ళో ఒక దృశ్యం గుర్తు చేసుకోండి. "ఎస్సీలు లేవండి, స్కాలర్‌షిప్ ఫారాలు." మా క్లాసులో ఆ జాబితా చదివే పని కూడా లీడరుదే. ఆ లీడరునే రేపు 'సందేశవాహకుడు' అంటే మా పిల్లకాయలు వాడి దగ్గరికి పోయి మనసులో మాట చెప్పుకుంటారా?

మన వైపు నుంచి వచ్చిన ప్రయోగం సాంఘిక సంక్షేమ గురుకులాలది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా వచ్చాక, విభజన తర్వాత తెలంగాణలో 2021 దాకా ఆయన వున్న కాలంలో, 'స్వేరో' అనే పేరు పిల్లల నోట నానింది. మేం ఎవరికీ తక్కువ కాదని రోజూ పైకి చెప్పించారు. 2014 మే 25న పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. పేపర్లు ఆ శిఖరాన్నే చూశాయి. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది 2020 కరోనా కాలంలో జరిగింది. బళ్ళు మూసి, చదువంతా ఫోన్లలోకి పోయినప్పుడు, ఫోను లేని ఇళ్ళ పిల్లల కోసం గురుకులాల పిల్లలే తమ పల్లెల్లో 'విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్' పెట్టి, చెట్ల కిందా అరుగుల మీదా చిన్నవాళ్ళకి పాఠాలు చెప్పారు. ఇక్కడ సుద్దముక్క పేర్లు రాయడానికి కాదు, పాఠం చెప్పడానికి వాడారు.

నెల్లూరు జిల్లా వాళ్ళకి ఇది వింతేమీ కాదు. 1991లో అక్షరదీపం నడిచినప్పుడు రాత్రి బళ్ళలో చదువు చెప్పినోళ్ళలో ఎక్కువమంది ఆ ఊళ్ళ కుర్రకారే. సీతమ్మ కథ చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తమలాంటి మనిషి చెప్పిన చదువుకి ఆ బలం వుంటుంది.

కానీ గురుకులాన్ని చూపించి మా ఊరి హైస్కూల్లోనూ అట్లాగే అయిపోతుందంటే నేనొప్పుకోను. గురుకులంలో ఎక్కువమంది మన పిల్లలే. లీడరు ఎవరైనా మనవాడే. ఊరిబడిలో ఊరూ వాడా ఒకే బెంచీ మీద కూర్చుంటాయి, సాయంత్రం వేర్వేరు దారుల్లో పోతాయి. మాకు దగ్గర్లోనే నేలటూరులో పెద్ద థర్మల్ కేంద్రం వుంది. దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. 1960లో ముఖ్యమంత్రి అయిన దళితుడాయన. వాడ పిల్లోడు ముఖ్యమంత్రి అయి అరవై ఏళ్ళు దాటింది, క్లాసు లీడరు కావడానికి ఇంకెన్నాళ్ళు పడుతుందో!

అందుకని ఊరిబడిలో ఈ పని చేయాలనుకునే టీచర్లు ముందు లీడర్ని ఎంచే పద్ధతి మార్చాలి. టీచరు వేలు చూపించడమూ కాదు, చేతులెత్తించడమూ కాదు. ఊరి పిల్లలు ఎక్కువుంటే చేతులూ ఊరివే లేస్తాయి. నీకు కష్టమొస్తే ఎవరికి చెప్తావు, ఎవరితో నడిచి ఇంటికి పోతావు అని గుట్టుగా రాయించాలి. ఒక్కరు కాదు, ప్రతి గుంపు నుంచీ ఒకరిద్దరు వుండాలి. పల్లెపాళెం నుంచి, వాడ నుంచి, గిరిజన కాలనీ నుంచి, 2008లో పోర్టు మొదలైన తర్వాత పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల నుంచి. సగం మంది ఆడపిల్లలు. వాళ్ళ పని పేర్లు రాయడం కాకూడదు. మూడు రోజులు రాని పిల్ల ఇంటికి ఇద్దరు కలిసి పోయి రావడం, లారీలు తిరిగే రోడ్డు మీద చిన్నవాళ్ళని తోడు తీసుకుపోవడం, అన్నం దగ్గర ఒంటరిగా ఎవరు కూర్చున్నారో చూడ్డం - ఇట్లాంటివి కావాలి.

వాళ్ళ వెనక వుండే పెద్ద మనిషి సంగతీ అంతే ముఖ్యం. బీహారు నలందా జిల్లాలో 75 ప్రభుత్వ బళ్ళలో జరిగిన 'సెహర్' అనే అధ్యయనం 2018లో వచ్చింది. గోడపత్రిక, పిల్లలు చీటీలు వేసే పెట్టె, పిల్లలు కూడా సభ్యులుగా వున్న కమిటీ, ఇవన్నీ పెట్టారు. ఇదే పని కొన్నిచోట్ల టీచర్లు, కొన్నిచోట్ల పంతులు కాని స్థానిక సలహాదారులు చేశారు. సలహాదారులున్న బళ్ళలో వాతావరణం బాగుపడింది, వేధింపులు తగ్గాయి. టీచర్లు నడిపినచోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. టీచర్లని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. బెత్తం పట్టే చేతికే చీటీ అందించమంటే ఏ పిల్ల అందిస్తుంది?

ఇంకో జాగ్రత్త. కులం పేరుతో తిట్టారని ఒక పిల్ల ఏడుస్తూ వస్తే, "మీలో మీరు మాట్లాడుకోండి" అని పిల్ల నాయకుల మీదికి తోసేయడానికి ఈ కార్యక్రమం సాకు కాకూడదు. అది పెద్దల బాధ్యత, 1989 చట్టం చూసుకోవాల్సిన సంగతి. పదమూడేళ్ళ పిల్ల భుజాల మీద అంటరానితనం బరువు పెట్టి దానికి నాయకత్వమని పేరు పెడితే అన్యాయం.

నన్ను ఆరోక్లాసులో ఆ కాగితం ఎవరన్నా అడిగుంటే నేను రాసే పేరు ఒకటుండేది. గిరిజన కాలనీ పిల్లోడు. కండలేరు ఏటిలో ఆటుపోట్లు ఎప్పుడొస్తాయో వాడికి తెలుసు. పీతల్ని చేత్తో పట్టేవాడు, పంచేవాడు. గొడవైతే మధ్యలో దూరి నవ్వించేవాడు. ఊళ్ళో పిల్లోళ్ళు కూడా సెలవల్లో వాడి వెనకే తిరిగేవాళ్ళు. నాకు తెలిసి సగం క్లాసు వాడి పేరే రాసుండేది. బోర్డు మీద మాత్రం రోజూ మొదటి పేరు వాడిదే. ఎనిమిదిలో రెండు నెలలు రాలేదు. హాజరుపట్టీలో పేరు కొట్టేశారు. కాలనీ బడికి అర కిలోమీటరు కూడా వుండదు. ఎందుకు రాలేదని అడగడానికి ఎవరూ పోలేదు. నేనూ పోలేదు.