ఆకు ట్రాలీకి గాలాడే వెనుక తలుపు



పట్టుపురుగు తన జీవితంలో తినే ఆకులో సుమారు 85 శాతం నాలుగో జ్వరం నుండి లేచాకే తింటుంది. హోసూరు, డెంకణికోట, సూళగిరి ప్రాంతాల్లో ఆ వారం ఆకు చాలక, పక్క ఊరి తోట కొని ట్రాక్టరు ట్రాలీలో కొమ్మలు తెచ్చుకొనేవారున్నారు. వెనుక తలుపు నిండా రేకు ఉంటే లోపలి కొమ్మలు ఉడుకుతాయి. చేయి పెట్టి చూడండి, తెలుస్తుంది. ఆ ఆకును పురుగు సరిగా ముట్టదు.

కనుక రేకు తీసి, ఇనుప యాంగిల్ చట్రానికి రెండంగుళాల సందులతో చెక్క పట్టీలు బిగించండి. బందులు కింద వేస్తే తలుపు వెనక్కు వాలుతుంది, కొమ్మలు దించడం సులువు. రెండు వైపులా కొండీ, గొలుసు తప్పక ఉండాలి. గుంతల దారిలో ఒక్క కొండీ నిలవదు.

చెదల మందు పూసిన చెక్క వాడరాదు. రంగు వేస్తే వాసన పూర్తిగా పోయేదాకా ఆకు ఎక్కించరాదు. మన వైపు అదే ట్రాలీ టమోటా తోటకు మందు డబ్బాలూ మోస్తుంది. పురుగుమందు గాని, పొగాకు గాని మోసిన ట్రాలీని, ఎంత కడిగినా సరే, ఆకుకు వాడమని నేను చెప్పను.

కొమ్మలు ఉదయం చల్లగా ఉన్నప్పుడే కోసి, పైన తడి గోనెపట్టా కప్పి తెచ్చి, ఇల్లు చేరగానే దించి నీడలో నిలబెట్టండి.