ఎదుగుదలకు వదిలిన గుడ్డ

1950ల నాటి ఆడపిల్ల పట్టు పరికిణీ ఏదైనా మీ ఇంట్లో మిగిలి ఉంటే తిరగేసి చూడండి. దాని కథంతా లోపలివైపే ఉంటుంది. అంచుకు కాస్త పైన, బయటికి కనబడకుండా లోపలికి మడిచి టాకాలు వేసిన గుడ్డ బెత్తెడు ఉంటుంది. దాని మీది జాకెట్టు పక్కల్లో ఒకదాని పక్కన ఒకటి మూడు వరసల కుట్లు, వాటి వెనక రెండు వేళ్ళ వెడల్పున వదిలేసిన గుడ్డ. అది ఆ ఏటి పిల్లకు కుట్టినది కాదు, ముందు ముందు ఎదగబోయే పిల్లను కూడా లెక్కలో వేసుకుని కుట్టినది.

మాది తెనాలి దగ్గర పల్లె. సంక్రాంతికి నెల ముందే దర్జీ మా అరుగు మీద మిషను పెట్టేవాడు. అమ్మ తలుపు చాటున నిలబడి చెప్పే మొదటి మాట ఒకటే: "ఎదిగే పిల్ల గదా, లోపల గుడ్డ బాగా వదులు బాబూ." "అట్టాగే లేమ్మా, మూడేళ్ళు చూసుకోనక్కర్లేదు" అనేవాడతను. ఏడాది తిరిగేసరికి పరికిణీ చీలమండల పైకి లేచేది. అప్పుడు అమ్మ ఒక మడత టాకాలు విప్పేది. ఎండా సబ్బూ తగలని ఆ లోపలి గుడ్డ కొత్తదానిలా నిగనిగలాడుతూ, పరికిణీ చుట్టూ ఒక గీతలా కనిపించేది. ఆ గీతలు లెక్కపెడితే పిల్ల ఎన్నిసార్లు ఎదిగిందో తెలిసిపోయేది. ఆ గీతలను దాచుకోవాలని ఎవరికీ అనిపించేది కాదు, ఊళ్ళో పిల్లలందరి పరికిణీలకూ ఆ గీతలు ఉండేవి గనక.

ఇంత జాగ్రత్త ఒక్క పొదుపు వల్లే వచ్చింది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మిల్లుల గుడ్డలో పెద్ద వాటా సైన్యానికి పోయింది. 1943లో ప్రభుత్వం నూలు, బట్టల మీద కంట్రోలు ఉత్తర్వు తెచ్చింది. తాను మీదే ధర ముద్ర వేయాలన్నారు. పేదవాళ్ళ కోసం స్టాండర్డ్ క్లాత్ పేరుతో ముతక గుడ్డ చవగ్గా అమ్మించారు. 1948 జనవరిలో కంట్రోలు ఎత్తేస్తే ధరలు ఎగబాకాయి, ఆ ఏడే మళ్ళీ పెట్టారు. మా అక్కల చిన్నతనం ఆ కరువులోనే గడిచింది. పండక్కి ఒకే తానులో గుడ్డ చింపించి, ఇంట్లో ఉన్న పిల్లలందరికీ అందులోనే జాకెట్లూ చొక్కాలూ కుట్టించేవాళ్ళు. పిల్లలంతా ఒకే పూల గుడ్డలో వీధిలోకి వస్తే ఎవరింటి వాళ్ళో దూరం నుంచే గుర్తుపట్టేవారట.

ఇక పట్టు పరికిణీల గుడ్డ ఎక్కువగా కొత్తగా కొన్నది కాదు. అమ్మ పెళ్ళిచీర మడతల దగ్గర చివికినప్పుడు అది పిల్లల పాలయ్యేది. చీర పొడుగు పిల్ల నడుము చుట్టూ కుచ్చిళ్ళయ్యేది, కింది జరీ అంచు పాదాల దగ్గరికొచ్చేది. చీర వెడల్పులో మిగిలిన పైభాగం, రెండో అంచుతో సహా, బుట్టచేతుల జాకెట్టుకు సరిపోయేది. చివికిన చోటు ఏ మడత లోపలికో పోయేలా కత్తెర పెట్టడం మంచి దర్జీ పనితనం. మరీ చిన్నపిల్లలకు నడుము దగ్గర బొందు నిలవదు, వాళ్ళకు పైన బాడీ కలిపి కుట్టిన బాడీ పరికిణీ. మగపిల్లల సంగతి ఇంత లేదు. పాప్లిన్ చొక్కా, కాస్త పెద్దదిగా కుట్టించిన నిక్కరు, ఒడుగులో జరీ పంచె.

కొత్త బట్టకు ఒక మూల పసుపు పెట్టి, దేవుడి దగ్గర ఉంచాకే తొడిగేవారు. పండగ సాయంత్రానికి విప్పించి, నీడన ఆరేసి, కలరా ఉండలు వేసిన ట్రంకుపెట్టెలో పెట్టేవారు. పట్టును చాకలికి వేసేవారు కాదు, కుంకుడు రసంలో ఇంట్లోనే జాడించేవారు. మళ్ళీ పేరంటానికో పెళ్ళికో బయటికి తీయడమే. వేసవిలో మల్లెమొగ్గలతో పూలజడ కుట్టిన రోజున ఆ పరికిణీతోనే టౌనులో స్టూడియోకు తీసుకెళ్ళేవారు. ముఖమూ వెనకున్న జడా ఒకే ఫోటోలో పడేలా అద్దం పెట్టేవాడు ఫోటోగ్రాఫరు. ఎన్నో ఇళ్ళలో ఆ పరికిణీకి మిగిలిన సాక్ష్యం ఆ నలుపు తెలుపు బొమ్మ ఒక్కటే. రంగేమిటో చెప్పగలిగినవాళ్ళు కూడా తగ్గిపోతున్నారు.

బట్టలు మిగలకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు. అక్కది చెల్లికి, చెల్లిది పిన్ని కూతురికి. ఆ తరవాత నూలువైతే బొంతలోకి, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డగా. పట్టువి పాత జరీ కొనేవాళ్ళ మూటలోకి. అప్పటి మేలైన జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నటి వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. కొన్నవాళ్ళు ఆ గుడ్డను కాల్చి వెండి తీస్తారు. బిడ్డ పరికిణీ అంచును తూకానికి ఇచ్చిన తల్లులను నేను తప్పుపట్టను. ఆ డబ్బుతో ఇంకో పిల్లకు గుడ్డ వచ్చేది. కానీ రాజుల కోటులు మ్యూజియాల్లో ఉండి, మన పిల్లల మంచిబట్టలు, తల్లీ దర్జీ కలిసి వేసిన ఆ లెక్కంతా, ఎక్కడా లేకుండా పోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

తరవాత టెరిలిన్ వచ్చింది, రెడీమేడ్ గౌన్లు వచ్చాయి. ఇస్త్రీ బాధ తగ్గింది. కుట్లలో గుడ్డ వదలడం కూడా తగ్గింది.

మీ పెట్టెలో అలాంటి పరికిణీ ఉంటే ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి. ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. రెండు మూడు నెలలకోసారి తీసి, మడత చోటు మార్చి మళ్ళీ మడవండి, పాత మడతలోనే పట్టు విరుగుతుంది. లోపలి టాకాలు మాత్రం విప్పకండి. ఎవరి చీరలోంచి వచ్చిందో, మొదట ఎవరు కట్టుకున్నారో పెద్దవాళ్ళనడిగి ఒక కాగితం మీద రాసి ఆ మూటలోనే పెట్టండి.