విరిగిన బోల్టును విడిపించే విద్య

పంటిలో విరిగిన వేరు, కాలిలో విరిగిన ముల్లు, బండిలో విరిగిన బోల్టు - ఈ మూడూ ఒక్క జాతివే. పట్టుకుందామంటే తల వుండదు, వదిలేద్దామంటే వీలుండదు. మొదటి రెంటి బాధా అందరికీ అనుభవమే. మూడోదాని సంగతి మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు బల్లమీద రెండు పూటలు కూర్చుని చూస్తేగాని నాకు తెలియలేదు.

అక్కడికి వచ్చిన టాక్సీ చాలా ఏళ్ళు విశాఖపట్నంలో సముద్రపు గాలికి తిరిగిన బండి. ముందు చక్రాల భారం మోసే అడ్డదూలాన్ని చట్రానికి పట్టివుంచే బోల్టుల్లో ఒకదాన్ని విప్పబోతే, తల తెగి పానాతోపాటు వూడివచ్చింది. మొండెం చట్రంలోనే వుండిపోయింది. బండి యజమానే డ్రైవరు. మూడోనాడు పెళ్ళివారిని తీసుకువెళ్ళడానికి ఒప్పుకుని బయానా కూడా పుచ్చుకున్నాడు.

"పెద్ద సుత్తితో నాలుగు బాదితే రాదా, బాబాయ్?" అన్నాడు ఆత్రంగా.

మేస్త్రీ తల అడ్డంగా తిప్పాడు. "అది రాకపోగా లోపలి నట్టు కూడా వూడుతుంది. అప్పుడు పెళ్ళికి బండి వెళ్ళదు, నువ్వొక్కడివే వెళ్ళాలి!"

ఆ మాటలో హాస్యమెంత వుందో నిజమూ అంతే వుంది. కారు చట్రం లోపల బోలుగా వుండే ఉక్కు పెట్టె. నట్టును కార్ఖానాలోనే దాని లోపల వెల్డింగు చేసి అతికిస్తారు. అక్కడికి చెయ్యి దూరదు, పానా పట్టదు. ఆ అతుకు వూడిందా, బోల్టుతోపాటు నట్టూ గిర్రున తిరుగుతుంది. ఇక చట్రానికే కిటికీ కోసి, మళ్ళీ అతకాలి. చక్రాల భారమూ, రోడ్డు కుదుపులూ మోసే చోట ఉక్కును కోయడమంటే మాటలా?

అసలు బోల్టు ఎందుకు తెగింది? తుప్పు వల్ల. ఇనుము తుప్పుగా మారితే అంతకుముందుకన్న రెండింతలకు పైగా చోటు కావాలి. బోల్టు చుట్లకూ నట్టు చుట్లకూ నడుమ అంత చోటెక్కడిది? మూత బిగించిన సీసాలో నానిన శనగల్లాగా తుప్పు వుబ్బి, రెంటినీ ఒకటిగా బిగదీస్తుంది. పైనుంచి పానాతో తిప్పితే తల తిరుగుతుంది, మొండెం తిరగదు. మెడ దగ్గర తెగుతుంది.

మేస్త్రీ మొదటి పూట చేసింది చూస్తే పనిచేయడం లేదనే అనిపిస్తుంది. తీగల బ్రష్షుతో తుప్పు గీకాడు. తుప్పు వదిలించే నూనె పోశాడు. చిన్న సుత్తితో టకటకమని తట్టాడు. గంటకోసారి మళ్ళీ నూనె, మళ్ళీ తట్టడం. ఆ అదురుకు తుప్పులో సన్నని పగుళ్ళు ఏర్పడి, వాటిలోకి నూనె పాకుతుందట. రాత్రంతా అలాగే వదిలేశాడు.

మర్నాడు డ్రైవరు మేకులాంటి పనిముట్టు నొకదాన్ని చూపించి, "ఈజీ ఔట్ వుందిగా?" అన్నాడు. బోల్టుకు నడిమధ్య బెజ్జం వేసి, ఎడమవైపు చుట్లున్న ఈ మేకును అందులో దింపి తిప్పితే మొండెం బయటకు రావాలి. కాని ఇది గట్టి ఉక్కేగాని పెళుసు. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దానిమీద పనిచేయదు. "పేరు ఈజీయే, పని కాదు. బాగా పట్టేసినదానికి ఇది వద్దు," అన్నాడు మేస్త్రీ.

ఆయన బ్యాటరీ తీగ వూడదీశాడు. పెట్రోలు గొట్టాలు దగ్గరలో లేవని చూసుకుని, ఇసుక బకెట్టు పక్కన పెట్టించాడు. మొండెంమీద వాషరు వుంచి, దాని రంధ్రంలోంచి వెల్డింగు చేశాడు. ఆ వాషరుమీద కొత్త నట్టు నొకదాన్ని అతికాడు. తల పోయిన బోల్టుకు తల మొలిచింది! అంతకన్న ముఖ్యం వేడి. కాలిన బోల్టు వుబ్బుతుంది, చల్లారుతూ ముడుచుకుంటుంది. 12 మిల్లీమీటర్ల బోల్టు 300 డిగ్రీలు వేడెక్కితే లావెక్కేది మిల్లీమీటరులో 4 శాతం, ఇంచుమించు సన్నని వెంట్రుకంత. తుప్పు పట్టు వదలడానికి అదే చాలు.

ఎరుపు పూర్తిగా తగ్గేదాకా ఆగి, పానా పట్టించి కాస్త ముందుకు, కాస్త వెనక్కు కదిలించాడు. కిర్రుమంది. మళ్ళీ నూనె, మళ్ళీ అటూ ఇటూ. పావుగంటకు మొండెం చుట్టు చుట్టుగా బయటకు వచ్చింది. లోపలి నట్టు చెక్కుచెదరలేదు. టాప్ దింపి చుట్లు శుభ్రం చేశాడు. డ్రైవరు ముఖాన పెళ్ళికళ వచ్చింది.

కారున్నవారు గుర్తుంచుకోదగ్గ విషయం మరొకటి వుంది. బోల్టు తలమీద 8.8, 10.9 వంటి అంకెలుంటాయి. 8.8లో మొదటి 8, చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు దాకా తెగదని చెబుతుంది. రెండో 8, అందులో 80 శాతం దాటితే సాగి మళ్ళీ యథాస్థితికి రాదని చెబుతుంది. కనక పాతదానికి బదులు అదే అంకె, అదే పొడవు గల కొత్త బోల్టే అడిగి వేయించండి. పానాకు గొట్టం తొడిగి బిగిస్తే భద్రమనుకోవడం పొరపాటు. తయారీదారు చెప్పిన కొలతకు, కొలత చూపే పానాతోనే బిగించాలి.

మేస్త్రీ పనిచేస్తుంటే "ఇంకా ఎంతసేపు?" అని మాత్రం అడక్కండి. ఈ విద్యలో సగం చేతిలో వుంటే, సగం ఆగడంలో వుంది.